ఒక్కో పంటకు ఒక్కో దూరం: నర్సీపట్నం పరిసర గ్రామాల సాగుపై పట్టణ సామీప్య ప్రభావం

నర్సీపట్నం నుండి విశాఖపట్నానికి రోడ్డు మార్గాన సుమారు 80 కిలోమీటర్లు. అనకాపల్లి ఆ దారిలో సగం దాటిన తరువాత వస్తుంది. తుని మరొక దిక్కున, అంతకంటే దగ్గరలో ఉంది. ఈ అంకెలు రోడ్డు పక్క రాళ్ళ మీద ఉన్నవే. అయితే ఈ ప్రాంతపు రైతుకు అక్కరకు వచ్చే దూరం ఆ రాళ్ళ మీద కనిపించదు. తెల్లవారుజామున కోసిన తోటకూర కట్టకు విశాఖపట్నం చాలా దూరపు ఊరు. అదే పొలం గట్టున ఎండిన జీడిగింజకు అది పొరుగూరితో సమానం. కోసిన చెరకుకు చక్కెర మిల్లు ఎంత దూరమన్నది, మిల్లు ఎక్కడ ఉందన్న దానికంటే ఆ సీజనులో నడుస్తోందా లేదా అన్న దానిపైనే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. ఏ చేలో ఏ పంట వేయాలన్న నిర్ణయాన్ని నేల, నీరు ఎంతగా శాసిస్తాయో ఈ రకమైన దూరం కూడా అంతగానే శాసిస్తుంది. భూసార పరీక్ష పత్రంలో మాత్రం దానికి గడి ఉండదు.

ట్యూనెన్ వలయాలు

పట్టణానికి ఎంత దూరాన ఏ పంట పండుతుందన్న ప్రశ్నకు మొదట లెక్క కట్టి సమాధానం చెప్పినవాడు ఒక జర్మన్ వ్యవసాయదారుడు. యోహాన్ హైన్‌రిఖ్ ఫాన్ ట్యూనెన్ మెక్లెన్‌బర్గ్ ప్రాంతంలోని టెల్లో అనే చోట 1810 నుండి సొంత క్షేత్రాన్ని నడిపాడు. అక్కడ ఏళ్ళ తరబడి రాసుకున్న జమాఖర్చుల ఆధారంగా 1826లో ‘ఏకాంత రాజ్యం’ అనే అర్థం వచ్చే పేరుతో తన గ్రంథపు మొదటి భాగాన్ని ప్రకటించాడు. నలువైపులా ఒకే రకమైన నేల, నట్టనడుమ ఒకే ఒక పట్టణం, రవాణాకు బండి తప్ప వేరే సాధనం లేకపోవడం అనేవి అతని ఊహలోని షరతులు.

అమ్మిన ధరలో నుండి సాగు ఖర్చు, రవాణా ఖర్చు పోగా మిగిలేది ఆ భూమికి దక్కే మిగులు. పట్టణం నుండి దూరం పెరిగే కొద్దీ బరువైన, త్వరగా చెడిపోయే పంటకు ఈ మిగులు వేగంగా తరిగిపోతుంది. తేలికైన, నిలవ ఉండే పంటకు నెమ్మదిగా తరుగుతుంది. మొదటి పంట మిగులు రెండవ పంట మిగులు కంటే కిందికి పడిపోయే చోట ఒక వలయం ముగిసి మరొకటి ఆరంభమవుతుంది. ఆ లెక్క ప్రకారం పట్టణాన్ని ఆనుకొని పాడి, కూరగాయలు ఉంటాయి. ఆ తరువాత వంటచెరకునిచ్చే అడవి, దాని వెనుక ధాన్యపు పొలాలు, అన్నిటికంటే బయట పశువుల మేత భూములు వస్తాయి. అడవి రెండవ వలయంలో ఉండటం నేటి పాఠకునికి వింతగా తోచవచ్చు. కట్టెలను బండ్ల మీద తోలుకురావలసిన రోజులలో వాటి బరువే వాటిని పట్టణం దగ్గరకు లాగింది.

ఈ చిత్రాన్ని నర్సీపట్నం మీద యథాతథంగా పరిస్తే కుదరదు. ఇక్కడ పట్టణం ఒకటి కాదు. పెద్ద వినియోగదారు విశాఖపట్నం. బెల్లానికి అనకాపల్లి. తమలపాకుకు, మామిడికి తుని. సంతకు వచ్చే గిరిజన రైతుకు, కిలోల లెక్కన కూరగాయలు అమ్ముకునే చుట్టుపక్కల గ్రామస్థునికి నర్సీపట్నమే పట్టణం. వెనుక వైపున ఏజెన్సీ కొండలు లేచి ఉన్నాయి కాబట్టి వలయాలు గుండ్రంగా విస్తరించడానికి చోటు కూడా లేదు. గొలుగొండ, నాతవరం, రోలుగుంట, కోటవురట్ల, మాకవరపాలెం మండలాల పొలాలు ఈ నాలుగైదు కేంద్రాల ఆకర్షణ మధ్య చిక్కుకొని, ఒక్కొక్క పంటకు ఒక్కొక్క వైపు మొగ్గుతాయి.

ఈ అమరికలో రైలుకు పెద్ద పాత్ర ఉంది. మద్రాసు, కలకత్తాలను కలిపే తూర్పు తీరపు రైలు మార్గం 1890లలో తీరానికి దగ్గరగా, తుని, అనకాపల్లి మీదుగా పడింది. నర్సీపట్నం పట్టణం దానికి లోపలి వైపున ఉండిపోయింది. నేటికీ ‘నర్సీపట్నం రోడ్’ అనే స్టేషను పేరులోని ‘రోడ్’ అన్న మాటే ఆ సంగతిని చెబుతుంది. పట్టణానికి వెళ్ళాలంటే స్టేషనులో దిగి ఎన్నో కిలోమీటర్లు రోడ్డు పట్టవలసిందే. తమలపాకు వంటి సున్నితమైన, తేలికైన, విలువైన సరుకు తుని, పాయకరావుపేట చుట్టూ నిలదొక్కుకుంది. లోపలి గ్రామాలలో అదే స్థాయిలో వ్యాపించలేదు. నీటి వసతి, ఆ సాగులో ఆరితేరిన కుటుంబాలు ఉండటం ఇందుకు కొంత కారణం. రైలు పెట్టె దగ్గరగా ఉండటం మరికొంత కారణం.

కూరగాయలు: దగ్గరి పట్టణం చిన్నదైతే

విశాఖపట్నానికి ఆనుకొని ఉన్న ఆనందపురం, పద్మనాభం, భీమునిపట్నం మండలాలలో ఆకుకూరలు, కూరగాయలు, పూలు సాగుచేసే రైతు తెల్లవారక ముందే సరుకుతో నగరానికి చేరి, ఎండ ఎక్కే వేళకు తిరిగి పొలంలో ఉండగలడు. 1999 జనవరిలో రాష్ట్రంలో ప్రారంభమైన రైతు బజార్లు ఈ రైతులకు మేలు చేశాయి. రైతే స్వయంగా వచ్చి అమ్ముకోవాలన్నది రైతు బజారు మూలసూత్రం కాబట్టి అది సహజంగానే ఒక పూటలో వచ్చిపోగలిగిన వారికి అనుకూలం. నర్సీపట్నం వైపు రైతు ఆ బజారుకు చేరాలంటే రాత్రి నిద్ర మానుకోవాలి. వచ్చినా పొలంలో ఒక రోజు పని పోతుంది.

ఇక్కడ గమనించవలసినది కిరాయి స్వభావం. కిరాయిని కిలోమీటర్లతో గుణిస్తే సరిపోదు. సరుకు పరిమాణంతో భాగించాలి. ఉదాహరణకు ఒక ట్రాలీ ఆటో విశాఖపట్నానికి పోయి రావడానికి 3,000 రూపాయలు అనుకుందాం. అందులో 600 కిలోల వంకాయలు వేస్తే కిలోకు 5 రూపాయలు పడుతుంది. 100 కిలోలే ఉంటే కిలోకు 30 రూపాయలు, అంటే చాలా రోజులలో వంకాయ ధర కంటే ఎక్కువ. పక్కపక్క చేలలో ఉన్న ఇద్దరు రైతులలో ఒకరికి నగరం అందుబాటులో ఉంటే, మరొకరికి అందనంత దూరమవుతుంది. ట్యూనెన్ లెక్కలో దూరం భూమికి సంబంధించిన గుణం. ఈ ప్రాంతంలో అది కమతం పరిమాణానికి కూడా సంబంధించినది.

అర ఎకరం బీరపాదు వేసిన రైతు అందువలన నర్సీపట్నం మార్కెట్‌నే నమ్ముకుంటాడు. రవాణా దాదాపు ఉండదు. ద్విచక్ర వాహనం మీద రెండు బస్తాలు చాలు. చిక్కు వేరే చోట ఉంది. చిన్న పట్టణపు గిరాకీకి హద్దు దగ్గరగా ఉంటుంది. ఒక వారంలో అదనంగా పదిమంది రైతుల కాపు ఒకేసారి వస్తే ఆ సరుకును మింగుకునే జనాభా అక్కడ లేదు. మిగిలిన సరుకును మరొక చోటికి పంపాలంటే మళ్ళీ 80 కిలోమీటర్ల సమస్యే ఎదురవుతుంది. ఈ కారణంగానే ఇక్కడి కూరగాయల సాగు పట్టణం చుట్టూ సన్నని పట్టీగా నిలుస్తుంది. నేల అనుకూలించినా ఆ పట్టీ వెడల్పు కాదు. కూరగాయల విస్తీర్ణం పెంచమని సలహా ఇచ్చే ముందు, పెరిగిన దిగుబడి ఏ రోజున, ఏ బండిలో, ఎవరి సరుకుతో కలిసి ఎక్కడికి పోతుందన్నది విస్తరణ సిబ్బంది చూడవలసి ఉంటుంది. పది కమతాల సరుకును ఒక బండికి చేర్చే ఏర్పాటు దూరాన్ని తగ్గిస్తుంది. ఒకే గ్రామంలో పదిమంది ఒకే వారంలో ఒకే రకం విత్తనం వేయడం దాన్ని పెంచుతుంది.

చెరకు: మిల్లు దూరం, బెల్లం దగ్గర

దూరం పంటను ఎలా మలుస్తుందో చూపడానికి ఉత్తర కోస్తాలో చెరకు కంటే మంచి ఉదాహరణ లేదు. అనకాపల్లిలో 1913లో ఏర్పడిన పరిశోధన స్థానం శతాబ్దానికి పైగా ఈ పంట మీద పనిచేస్తోంది. బెల్లానికి అనకాపల్లి మార్కెట్ దేశంలోనే పేరెన్నిక గన్నది.

కోసిన చెరకు బరువులో సుమారు 70 శాతం నీరే. నరికిన క్షణం నుండి గడలోని చక్కెర విచ్ఛిన్నం కావడం మొదలవుతుంది. వీలైతే 24 గంటలలో, తప్పితే రెండు రోజులలో గానుగకు చేరాలి. ఆ పైన జాప్యం అయితే బరువు, చక్కెర రెండూ తగ్గుతాయి. ఎండలు ముదిరిన మార్చి, ఏప్రిల్ నెలలలో నష్టం మరీ ఎక్కువ. బరువూ ఎక్కువ, తొందరా ఎక్కువ అయిన ఇటువంటి పంట మిల్లును విడిచి దూరంగా పోలేదు. అందుకే ఈ ప్రాంతంలో సహకార చక్కెర మిల్లులు దగ్గర దగ్గరగా వెలిశాయి: అనకాపల్లి పక్కన తుమ్మపాలలో, చోడవరం పక్కన గోవాడలో, ఏటికొప్పాకలో, పాయకరావుపేట వైపు తాండవ. నర్సీపట్నం చుట్టుపక్కల చెరకు వేసిన రైతు, తన చేను ఏ మిల్లు పరిధిలోకి వస్తుందో, కటింగ్ ఆర్డరు ఎప్పుడు వస్తుందో చూసుకొని సాగు చేసేవాడు.

కాలక్రమాన ఈ నాలుగింటిలో మూడు, అంటే తుమ్మపాల, ఏటికొప్పాక, తాండవ మిల్లులు క్రషింగ్ నిలిపివేశాయి. గోవాడ ఆ తరువాత కూడా కొన్ని సీజన్లు నడిచింది. ఈ పరిణామాన్ని సాధారణంగా మిల్లుల ఆర్థిక స్థితి, బకాయిలు, చక్కెర ధరల దృష్టితో చర్చిస్తారు. దూరం దృష్టితో చూస్తే జరిగినది మరొకటి కూడా. నాతవరం మండలంలోని చెరకు చేను ఉన్నచోటే ఉంది, రోడ్డూ అదే. కాని తాండవ మిల్లు ఆగిన నాడు ఆ చేను ఒక్కసారిగా మిల్లుకు ఎన్నో రెట్లు దూరమైపోయింది. గోవాడ దాకా లారీలో పోవాలంటే కిరాయి పెరుగుతుంది, మిల్లు గేటు వద్ద వరుసలో నిలబడే గంటలు కలుస్తాయి, ఆ గంటలలో గడ ఎండుతుంది. 2024-25 సీజనుకు కేంద్రం ప్రకటించిన న్యాయమైన, గిట్టుబాటు ధర 10.25 శాతం రికవరీ వద్ద క్వింటాలుకు 340 రూపాయలు. దేశమంతటికీ ధర ఒక్కటే. చేనికీ గేటుకూ మధ్య పోయేది మాత్రం ఊరికొక తీరుగా ఉంటుంది.

ఇటువంటి దూరాన్ని రైతులు తమంతట తాముగా తగ్గించుకున్న పద్ధతి బెల్లం. చెరకు బరువులో సుమారు పదో వంతు బెల్లం వస్తుంది. ఎకరాకు 30 టన్నుల చెరకు పండితే దాన్ని మోయడానికి బదులు 3 టన్నుల దిమ్మలు మోస్తే చాలు. పైగా బెల్లం వారాల తరబడి ఆగగలదు, కాబట్టి గడ గడియారంతో పెట్టుకున్న పందెం కూడా ముగుస్తుంది. చేను పక్కనే గానుగ, పొయ్యి, పెనం పెట్టుకున్న రైతు దూరాన్ని పదో వంతుకు కుదించినట్లే. పిప్పి అక్కడే పొయ్యిలోకి పోతుంది కాబట్టి వంటచెరకు కూడా మోయనక్కరలేదు.

అయితే బెల్లం దూరాన్ని పూర్తిగా రద్దు చేయదు, రూపం మారుస్తుంది. అనకాపల్లి నుండి దిమ్మలు ఇతర రాష్ట్రాలకు పోతాయి. అంత దూరాన ఉన్న కొనుగోలుదారుకు చేను తెలియదు, వండినవాడు తెలియడు. చూడగలిగినది రంగు ఒక్కటే. లేత పసుపు రంగు దిమ్మకు ఎక్కువ ధర, నల్ల దిమ్మకు తక్కువ ధర అన్న అలవాటు ఇలా స్థిరపడింది. రంగు తేలడానికి హైడ్రోస్ అనే సోడియం హైడ్రోసల్ఫైట్‌ను మోతాదు మించి కలిపే ధోరణి దాని వెంటనే వచ్చింది. రసాయనాలు లేని బెల్లం తయారీ మీద అనకాపల్లి స్థానం పరిశోధన చేసి పద్ధతులు రూపొందించింది. వాటి వ్యాప్తికి అడ్డుపడుతున్నది పొయ్యి దగ్గరి అజ్ఞానం కాదు. కొనేవాడు చూపు తప్ప మరో పరీక్ష చేయలేనంత దూరంలో ఉండటం. రుచి చూసి కొనే దగ్గరి వినియోగదారునికి నేరుగా అమ్ముకునే రైతులు ముదురు రంగు బెల్లాన్ని నిస్సంకోచంగా వండుతున్నారు.

పాలు

పాడి విషయంలో దూరం దాదాపు కరిగిపోయింది. పితికిన పాలు వేసవిలో నాలుగైదు గంటలలోనే విరిగే ప్రమాదం ఉంది కాబట్టి ట్యూనెన్ పాడిని పట్టణం గోడకు ఆనించాడు. 4 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరిస్తే ఆ గడువు రోజులకు పెరుగుతుంది. విశాఖ డెయిరీ వంటి సంస్థల పాల సేకరణ మార్గాలు లోపలి గ్రామాల దాకా విస్తరించాక, పాలకు సంబంధించినంత వరకు నగరం పొలిమేర శీతలీకరణ కేంద్రం వద్దకు వచ్చినట్లయింది. కూరగాయల చిన్న రైతుకు లేని సౌకర్యం రెండు గేదెలున్న ఇంటికి ఉంది: రెండు లీటర్లు పోసినా, ఇరవై లీటర్లు పోసినా లీటరు మోత ఖర్చు ఒక్కటే. సరుకును కలపడం వేరొకరి బాధ్యత అయింది. నర్సీపట్నం చుట్టూ భూమి తక్కువైన కుటుంబాలకు గేదె ఎందుకు ఆధారమైందో ఈ ఒక్క విషయం చాలావరకు చెబుతుంది.

సరుగుడు, జీడిమామిడి, దూరాన ఉన్న యజమాని

నర్సీపట్నం నుండి ఏ వైపు వెళ్ళినా మెట్ట భూములలో జీడిమామిడి, సరుగుడు, జామాయిల్ తోటలు కనిపిస్తాయి. జీడిగింజ ఎండబెడితే నెలల తరబడి నిలుస్తుంది, పలాస వంటి దూరపు పరిశ్రమ కేంద్రానికి కూడా ఇబ్బంది లేకుండా చేరుతుంది. మెట్ట ఎర్ర నేలకు, తక్కువ నీటికి సరిపోతుంది. దాని సంగతి సులభం.

సరుగుడు కథ కొంచెం క్లిష్టమైనది. కాగితపు గుజ్జుకు పోయే ఈ కర్ర ఎంతో బరువైనది. ట్యూనెన్ లెక్కలో అయితే పట్టణానికి దగ్గరగా ఉండాలి. అది నర్సీపట్నం మెట్టలలోకి రావడానికి లారీలు ఒక కారణం. నరికిన కర్ర చెడిపోదన్నది రెండవ కారణం. అసలు కారణం వేరు. నాలుగైదేళ్ళపాటు దానికి కూలీ అవసరం చాలా తక్కువ. నాటినప్పుడు, మొదటి ఏడు కలుపు తీసేటప్పుడు, నరికేటప్పుడు మనుషులు కావాలి. నరికే ముఠాను చాలాచోట్ల కొనుగోలుదారే తెచ్చుకుంటాడు. వరి, చెరకు నిరంతరం మనిషిని అడుగుతాయి.

ఆ మనుషులను లాగుతున్నది నగరమే. అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలి, పరవాడ ఫార్మా సిటీ, విశాఖపట్నంలోని భవన నిర్మాణం, వీటికి రోజూ పోయివచ్చే దూరంలో ఉన్న గ్రామాలలో యువకులు ఇంట్లో పడుకొని నగరంలో పనిచేస్తారు. మాకవరపాలెం వైపు నుండి తాళ్ళపాలెం కూడలిలో జాతీయ రహదారి ఎక్కే గ్రామాలకు ఈ అవకాశం కొంత ఉంది. గొలుగొండ కొండ పాదంలోని గ్రామాలకు లేదు. అక్కడివారు వెళ్ళితే నెలలకు వెళ్ళిపోవలసినదే. మొదటి రకం గ్రామంలో నాట్ల సమయంలో కూలిరేటు పెరుగుతుంది. రెండవ రకం గ్రామంలో కూలీలే కనిపించరు. రెండు చోట్లా భూమి గలవారు మెల్లగా చెట్ల వైపు జరుగుతారు.

1967లో భూగోళ శాస్త్రవేత్త రాబర్ట్ సింక్లెయిర్ ట్యూనెన్ సిద్ధాంతాన్ని తలకిందులు చేస్తూ ఒక సంగతి చెప్పాడు. పెరుగుతున్న నగరపు అంచున భూమికి పంట విలువ కంటే స్థలం విలువ ఎక్కువ కాబట్టి రైతు పెట్టుబడి మానుకుంటాడు. నగరానికి దగ్గరయ్యే కొద్దీ సాగు గాఢత పెరగడానికి బదులు తరుగుతుంది. విశాఖపట్నం అంచున సబ్బవరం, పెందుర్తి, ఆనందపురం ప్రాంతాలలో హద్దురాళ్ళు పాతి బీడు పెట్టిన పొలాలు ఈ మాటకు సాక్ష్యం. నర్సీపట్నం ఆ అంచుకు వెలుపలే ఉంది. కాని నగరంలో భూమి కొనలేని మధ్యతరగతి ఉద్యోగి డబ్బు ఇంత దూరం వస్తుంది. అతడు కొన్న రెండు ఎకరాలలో సరుగుడు నాటిస్తాడు. ఎందుకంటే వారం వారం వచ్చి చూడనక్కరలేని పంట అది. ఇక్కడ పంటను నిర్ణయించిన దూరం పొలానికీ మార్కెట్‌కూ మధ్యనున్నది కాదు. పొలానికీ యజమాని ఇంటికీ మధ్యనున్నది.

అంతకు ముందు ఆ రెండు ఎకరాలను కౌలుకు చేసిన కుటుంబం సంగతి ఈ చర్చలో తరచుగా జారిపోతుంది. చెట్లు నాటిన భూమికి కౌలుదారు అక్కరలేదు. ఇంకా పంటలు వేస్తున్న భూములలో కౌలు దొరికినా కాగితం దొరకదు. 2011 నాటి లైసెన్సు పొందిన సాగుదారుల చట్టం స్థానంలో వచ్చిన 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం 11 నెలల కార్డుకు భూయజమాని అంగీకారాన్ని షరతుగా పెట్టింది. యజమాని ఊరిలోనే ఉంటే ముఖాముఖి అడగవచ్చు, పెద్దమనుషులతో చెప్పించవచ్చు. అతడు 80 కిలోమీటర్ల దూరాన ఉండి, ఫోను ఎత్తకపోతే ఆ సంతకం లేదు. సంతకం లేకపోతే పంట రుణం, తుపాను నష్టపరిహారం దగ్గర కౌలురైతు పేరు ఉండదు. తుపాను మాత్రం అతని చేనుకే వస్తుంది.

నీరు ఎదురు ప్రయాణం

గ్రామం సరుకు నగరానికి పోవడం ఒక ప్రయాణమైతే, నగరపు దాహం గ్రామానికి రావడం దానికి ఎదురు ప్రయాణం. ఇందులో దూరం నగరానికి ఏమాత్రం అడ్డు కాలేదు. విశాఖ ఉక్కు కర్మాగారం, నగరం అవసరాల కోసం తవ్విన ఏలేరు కాలువ సుమారు 150 కిలోమీటర్ల పొడవున ఈ ప్రాంతపు గ్రామాలను దాటుకుంటూ సాగుతుంది. దేవరాపల్లి మండలంలో శారదా నది మీది రైవాడ జలాశయం నుండి కూడా నగరానికి నీరు పోతుంది. ఆ నీటిని పూర్తిగా సాగుకే ఉంచాలని అక్కడి ఆయకట్టు రైతులు చాలాకాలంగా అడుగుతున్నారు.

నర్సీపట్నానికి పొరుగున తాండవ జలాశయం సుమారు 51 వేల ఎకరాల ఆయకట్టుకు ఆధారం. నాతవరం మండలం నుండి కాకినాడ జిల్లా వైపు దాకా వరి దాని కిందనే పండుతుంది. వరిధాన్యం నిలవ ఉంటుంది, ప్రభుత్వ సేకరణ కేంద్రం గ్రామం దగ్గరకే వస్తుంది, కాబట్టి వరి రైతుకు నగరపు దూరం పెద్దగా తెలియదు. కాలువ చివరి భూములకు తెలిసే దూరం వేరే: తూము నుండి చేను దాకా ఉన్నది.

కొండ మీద

నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కితే లంబసింగి, ఆ పైన చింతపల్లి. అక్కడ దూరాన్ని కిలోమీటర్లలో చెప్పడం దాదాపు అర్థరహితం. గూడెం నుండి రోడ్డుకు కావిడి మోసే గంటలు, సంత జరిగే వారం, వానాకాలంలో వాగు పొంగే రోజులు కలిస్తే అక్కడి దూరం. అందుకు తగినట్టే అక్కడి సరుకులు తేలికగా, విలువగా, చెడకుండా ఉంటాయి: మిరియాలు, కాఫీ, పిప్పళ్ళు, రాజ్మా, చింతపండు. పసుపు కొమ్ములను ఊరిలోనే ఉడికించి ఎండబెడితే బరువు సుమారు ఐదో వంతుకు దిగుతుంది. మైదానంలో బెల్లం చేసిన పనే ఇది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ సంతలలోనే కొనుగోలు చేయడం వెనుక ఉన్న ఆలోచన కూడా కావిడి దూరాన్ని తగ్గించడమే. లంబసింగిలో పర్యాటకులు మొదలయ్యాక స్ట్రాబెరీ సాగు సాధ్యమైంది. సరుకు మార్కెట్‌కు పోలేకపోయినా మార్కెట్టే కొండ ఎక్కి వచ్చింది. చలి అంతకు ముందూ ఉంది.

ఇదే తర్కం వికృత రూపంలో గంజాయిలో కనిపిస్తుంది. కిలోకు అత్యధిక ధర, స్వల్ప బరువు, చెడిపోకపోవడం, కొనేవాడే గూడెం దగ్గరకు రావడం: చేరుకోలేనంత దూరం ఈ పంటకు అడ్డంకి కాకపోగా రక్షణ అయింది. 2021లో పోలీసులు చేపట్టిన ఆపరేషన్ పరివర్తనలో ఏడు వేల ఎకరాలకు పైగా తోటలను ధ్వంసం చేశారని అధికారిక ప్రకటనలు తెలిపాయి. ఆ చోట ఏ పంట పెట్టాలన్న ప్రశ్నకు, చింతపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం పనిచేస్తున్న రాజ్మా, పసుపు, అల్లం, మిరియాల వంటి పంటలు జవాబులో ఒక సగం. గంజాయికి ఉన్నట్టు వాటికి గూడెం గడప దగ్గరే, రొక్కంతో కొనేవాడు ఉన్నాడా అన్నది రెండవ సగం. మొదటి సగం మీద ఎంత కృషి జరిగినా, రెండవ సగం నిండని చోట విత్తనాలు సంచులలోనే ఉండిపోతాయి.

రేఖలు మారుతున్నప్పుడు

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనతో నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలోకి, చింతపల్లి, కొయ్యూరు పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళాయి. నర్సీపట్నం రైతుకు కలెక్టరేటు దగ్గరైంది. చింతపల్లి రైతుకు కార్యాలయం ఒక దిక్కున, మార్కెట్ మరొక దిక్కున ఉన్నాయి: పత్రాల పని పాడేరులో, పసుపు అమ్మకం కొండ దిగి నర్సీపట్నంలో.

రాజమహేంద్రవరం నుండి రంపచోడవరం, కొయ్యూరు, చింతపల్లి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం చేరే 516-ఈ జాతీయ రహదారి విస్తరణ ఈ దిక్కులను మళ్ళీ కదిలిస్తుంది. ఇన్నాళ్ళూ ఏజెన్సీ సరుకులో చాలా భాగం ఘాట్ దిగి నర్సీపట్నం వర్తకుల తక్కెడ మీదుగానే పోయింది, ఎందుకంటే వేరే మంచి దారి లేదు. కొండ మీదనే అడ్డంగా పెద్ద రోడ్డు పడితే చింతపల్లి మిరియాల లారీ కొండ దిగకుండానే రాజమహేంద్రవరానికో విజయనగరానికో పోగలదు. గిరిజన రైతుకు కొనేవారి సంఖ్య పెరగవచ్చు. నర్సీపట్నంలో ఆ సరుకు మీద ఆధారపడిన దుకాణాలకు, హమాలీలకు, సంత రోజున కొండ నుండి దిగేవారికి అమ్ముకునేందుకే బీర, వంగ వేసే చుట్టుపక్కల రైతులకు గిరాకీ తగ్గవచ్చు. పట్టణం చుట్టూ ఉన్న ఆ సన్నని కూరగాయల పట్టీలో మొదట మార్పు కనిపించేది సంత రోజు అమ్మకాలలోనే.